ప్రతి ఇంటి గోడ మీదికి ఫొటోను తెచ్చిన మనిషి – జార్జ్ ఈస్ట్‌మన్



వార్షికోత్సవ సంచిక చేతికి రాగానే మనలో ఎక్కువమంది ముందుగా తిప్పేది గ్రూపు ఫొటోల పేజీయే. ఎవరు ఎక్కడ నిలబడ్డారు, ఎవరు కళ్లు మూశారు, ఎవరు చివరి నిమిషంలో పరుగెత్తుకొచ్చి వెనక వరుసలో తల దూర్చారు అని చూసి నవ్వుకుంటాం. కవితలూ వ్యాసాలూ ఆ తర్వాతే. ఫొటో అంటే మనిషికి అంత ఇష్టం. కానీ నూట యాభై ఏళ్ల క్రితం ఫొటో తీయడమంటే ఒక గుర్రం మోసేంత సామాను, రసాయనాల పరిజ్ఞానం, చేతినిండా డబ్బు ఉన్నవాళ్లకే సాధ్యమైన పని. ఆ పనిని బడి పిల్లల చేతికి అందించినవాడు జార్జ్ ఈస్ట్‌మన్. కొడక్ కంపెనీ స్థాపకుడు. తండ్రి లేని ఇంట్లో పెరిగి, పధ్నాలుగేళ్లకే చదువు మాని, ఆఫీసు కుర్రాడిగా బతుకు మొదలుపెట్టిన మనిషి. ఆయన జీవితం మన హాస్టల్ పిల్లలు తెలుసుకోదగినదని భావించి ఈ నాలుగు మాటలు రాస్తున్నాము.

తండ్రి పోయిన ఇల్లు

జార్జ్ ఈస్ట్‌మన్ 1854 జులై 12న అమెరికాలోని న్యూయార్క్ రాష్ట్రంలో వాటర్‌విల్ అనే చిన్న ఊరిలో పుట్టాడు. తండ్రి పేరు కూడా జార్జే. తల్లి మరియా కిల్‌బోర్న్. ఇద్దరు అక్కల తర్వాత పుట్టిన కొడుకు. తండ్రికి ఊళ్లో పండ్ల మొక్కలు, గులాబీ మొక్కలు పెంచి అమ్మే నర్సరీ ఉండేది. దానితో పాటు రాచెస్టర్ నగరంలో వ్యాపార లెక్కలు నేర్పే ఒక కళాశాల కూడా నడిపేవాడు. 1860లో కుటుంబం రాచెస్టర్‌కు మారింది. రెండేళ్లు తిరక్కుండానే, 1862లో తండ్రి చనిపోయాడు. అప్పటికి జార్జ్‌కు ఏడేళ్లు.

ఇంటి పెద్ద పోతే ఏమవుతుందో మనలో చాలామందికి ఒకరు చెప్పనక్కర్లేదు. తల్లి మరియా ఇంట్లోని గదులను అద్దెకిచ్చి, అద్దెకున్నవాళ్లకు వండిపెట్టి సంసారం ఈడ్చింది. అక్కల్లో ఒకరైన కేటీకి పోలియో వచ్చింది. చక్రాల కుర్చీలోనే బతికిన ఆ అక్క 1870లో చనిపోయింది. అమ్మ కష్టం చూస్తూ పెరిగిన జార్జ్, ఎప్పటికైనా ఆమెను ఈ చాకిరీ నుంచి తప్పించాలని చిన్ననాడే అనుకున్నాడని ఆయన జీవితం రాసినవాళ్లు అందరూ చెబుతారు.

1868లో, పద్నాలుగో ఏట, బడి మానేసి ఒక ఇన్సూరెన్స్ ఆఫీసులో కుర్రాడిగా చేరాడు. కాగితాలు అటూ ఇటూ అందించడం పని. జీతం వారానికి 3 డాలర్లు. ఆ తర్వాత ఇంకో ఇన్సూరెన్స్ కంపెనీలో చేరితే 5 డాలర్లు వచ్చాయి. అదీ చాలలేదు. పగలు ఆఫీసు, రాత్రి ఇంట్లో కూర్చుని పద్దులు రాయడం నేర్చుకున్నాడు. ఆ చదువు ఊరికే పోలేదు. 1874లో రాచెస్టర్ సేవింగ్స్ బ్యాంకులో గుమాస్తా ఉద్యోగం దొరికింది. జీతం ఒక్కసారిగా వారానికి 15 డాలర్లు దాటింది. మన ఇళ్లలో ఒకరికి సర్కారు కొలువు వస్తే ఇల్లంతా ఎలా ఊపిరి పీల్చుకుంటుందో, ఆ ఇల్లూ అలాగే ఊపిరి పీల్చుకుంది.

బ్యాంకు గుమాస్తా సరదా

ఇరవై మూడేళ్ల వయసులో, 1877లో, జార్జ్ సెలవు పెట్టి కరీబియన్ దీవుల్లోని శాంటో డొమింగోకు వెళ్లాలని అనుకున్నాడు. చూసినవన్నీ ఫొటోలు తీసుకురమ్మని ఒక సహోద్యోగి సలహా ఇచ్చాడు. సరేనని కెమెరా కొన్నాడు. ప్రయాణం మాత్రం జరగలేదు. కెమెరా ఇంట్లో మిగిలింది, దానితో పాటు సరదా కూడా మిగిలింది.

ఆ కాలపు సరదా ఎంత బరువైనదో చెప్పాలి. కెమెరాయే ఒక పెద్ద పెట్టె. దానికి బరువైన ముక్కాలి స్టాండు. గాజు పలకలు, సీసాల్లో రసాయనాలు, తొట్లు, నీళ్ల కూజా, ఇవి కాక ఒక నల్ల గుడారం. ఫొటో తీసే ముందు ఆ గుడారంలో దూరి, గాజు పలకకు కొలోడియన్ అనే జిగురు పూసి, సిల్వర్ నైట్రేట్ ద్రావణంలో ముంచాలి. పలక తడిగా ఉండగానే కెమెరాలో పెట్టి ఫొటో తీయాలి. తడి ఆరకముందే మళ్లీ గుడారంలోకి పరుగెత్తి కడగాలి. కొద్ది నిమిషాలు ఆలస్యమైతే పలక ఎండిపోతుంది, ఫొటో పోతుంది. ఈ విద్య నేర్చుకోవడానికి జార్జ్ ఊళ్లోని ఒక ఫొటోగ్రాఫర్‌కు ఫీజు కట్టి పాఠాలు చెప్పించుకున్నాడు.

నేర్చుకున్నాక అందరూ చేసినట్టు ఆయన ఊరుకోలేదు. ఇంత బరువు ఎందుకు మోయాలి అని ఆలోచించాడు. ఆ రోజుల్లో ఇంగ్లండులో కొందరు తడి పలక బదులు జెలటిన్ పూసిన పొడి పలకలు తయారు చేస్తున్నారని పత్రికల్లో చదివాడు. పొడి పలకను ముందే తయారు చేసి పెట్టుకోవచ్చు, తీరిక దొరికినప్పుడు కడుక్కోవచ్చు. గుడారం అక్కర్లేదు. ఆ పత్రికల్లో ఉన్న పద్ధతి పట్టుకుని ఇంట్లో మొదలుపెట్టాడు.

అమ్మ వంటగదే ప్రయోగశాల

పగలంతా బ్యాంకులో లెక్కలు. సాయంత్రం ఇంటికి వచ్చాక అమ్మ వంటగదిలో గిన్నెలు, పొయ్యి, జెలటిన్, వెండి లవణాలు. రాత్రి ఎంతసేపైనా కలుపుతూ, కాస్తూ, పలకలకు పూస్తూ గడిపేవాడు. చాలా రాత్రులు వేసుకున్న బట్టలతోనే పొయ్యి పక్కన నేల మీద నిద్రపోయేవాడు. పొద్దున్నే అమ్మ లేచి చూస్తే కొడుకు దుప్పటి కప్పుకుని అక్కడే ఉండేవాడట. ఇలా సుమారు మూడేళ్లు నడిచింది.

ఇక్కడ ఒక విషయం గమనించాలి. ఆయన దగ్గర కాలేజీ చదువు లేదు, లాబొరేటరీ లేదు, గైడ్ లేడు. ఉన్నవి ఒక వంటగది, ఒక నోటుబుక్కు, నిద్ర మానుకోగల ఓపిక. ఒక్కొక్క మిశ్రమం ఎలా పనిచేసిందో రాసిపెట్టుకుంటూ పోయాడు. పలకలకు చేత్తో పూస్తే ఒకచోట మందంగా, ఒకచోట పల్చగా వస్తోందని, ఒకే మందంలో పూసే యంత్రాన్ని తానే తయారు చేసుకున్నాడు. 1879లో లండన్ వెళ్లి ఆ యంత్రానికి పేటెంటు తీసుకున్నాడు. 1880లో అమెరికా పేటెంటు వచ్చింది. అదే ఏడాది రాచెస్టర్‌లో స్టేట్ స్ట్రీట్ మీద ఒక భవనం మూడో అంతస్తు అద్దెకు తీసుకుని పలకలు తయారు చేసి అమ్మడం మొదలుపెట్టాడు. అయినా బ్యాంకు ఉద్యోగం వదల్లేదు. ఇల్లు గడవాలి కదా.

పెట్టుబడి పెట్టినవాడు హెన్రీ స్ట్రాంగ్. గుర్రపు బండ్లు తోలేవాళ్లకు కొరడాలు తయారు చేసే వ్యాపారి. ఒకప్పుడు జార్జ్ తల్లి ఇంట్లో అద్దెకుండి ఆమె చేతి వంట తిన్నవాడు. 1881 జనవరి 1న ఇద్దరూ కలిసి ఈస్ట్‌మన్ డ్రై ప్లేట్ కంపెనీ పెట్టారు. అదే ఏడాది బ్యాంకులో పై ఉద్యోగం ఖాళీ అయింది. అన్ని అర్హతలూ ఉన్న జార్జ్‌ను పక్కనపెట్టి ఆ ఉద్యోగాన్ని ఒక డైరెక్టరు బంధువుకు ఇచ్చారు. సెప్టెంబరులో జార్జ్ రాజీనామా చేసి బయటికి వచ్చేశాడు.

పాడైపోయిన సరుకు

కంపెనీ పెట్టిన కొద్ది కాలానికే పెద్ద దెబ్బ తగిలింది. దుకాణాల్లో నిలవ ఉన్న పలకలు పనిచేయడం మానేశాయి. ఫొటో తీస్తే బొమ్మే రావడం లేదని ఫిర్యాదులు వచ్చాయి. సరుకు అమ్మేశాం, డబ్బు చేతికి వచ్చింది, ఇక మాకు సంబంధం లేదు అని తప్పించుకోవచ్చు. ఈస్ట్‌మన్ అలా చేయలేదు. పాడైన పలకలన్నీ వెనక్కి తీసుకుని కొత్తవి ఇస్తానని ఒప్పుకున్నాడు. చేతిలో ఉన్న డబ్బు దాదాపు ఊడ్చుకుపోయింది. ఫ్యాక్టరీ మూతపడింది. మళ్లీ వందల ప్రయోగాలు. చివరికి ఇంగ్లండు వెళ్లి, అక్కడి పలకల తయారీదారుల దగ్గర పద్ధతి చూసి వచ్చాక అసలు సంగతి తేలింది. తయారీలో లోపం లేదు, కొన్న జెలటిన్‌లోనే తేడా ఉంది. ఆ రోజు నుంచి కొనే ప్రతి ముడిసరుకును ముందే పరీక్షించడం ఆ కంపెనీలో కట్టుబాటైంది.

డబ్బు పోయింది కానీ పేరు నిలిచింది. ఈస్ట్‌మన్ దగ్గర కొన్న సరుకు పాడైతే ఈస్ట్‌మనే మారుస్తాడు అనే నమ్మకం దుకాణదారుల్లో కలిగింది. తర్వాతి కాలంలో ఆ నమ్మకమే ఆయనకు పెట్టుబడి అయింది.

కొడక్ అనే పెట్టె

గాజు పలక బరువు, పగిలిపోయే గుణం ఈస్ట్‌మన్‌ను వదల్లేదు. గాజు బదులు కాగితం వాడితే, ఆ కాగితాన్ని చుట్టగా చుట్టి కెమెరాలో పెడితే ఎలా ఉంటుందని ఆలోచించాడు. 1884లో విలియం వాకర్ అనే కెమెరా తయారీదారుతో కలిసి కాగితపు ఫిల్మ్ చుట్టనూ, దాన్ని పట్టి ఉంచే హోల్డరునూ తయారు చేశాడు. మనం రీలు అని పిలుచుకునే వస్తువు ఆ దారిలోనే వచ్చింది. కానీ వృత్తి ఫొటోగ్రాఫర్లు దాన్ని ఇష్టపడలేదు. గాజు మీద వచ్చినంత చక్కగా కాగితం మీద రావడం లేదన్నారు. అప్పుడు ఈస్ట్‌మన్ ఆలోచన మలుపు తిరిగింది. ఫొటోగ్రాఫర్లు వద్దంటే, అసలు ఫొటోగ్రాఫర్లు కానివాళ్లకే అమ్మాలి అనుకున్నాడు.

1888లో కొడక్ కెమెరా వచ్చింది. చేత్తో పట్టుకునే చిన్న పెట్టె. లోపల 100 ఫొటోలకు సరిపడా ఫిల్మ్ ముందే చుట్టి ఉండేది. తీగ లాగాలి, బటన్ నొక్కాలి, తాళంచెవి తిప్పాలి. అంతే. వంద ఫొటోలు అయ్యాక కెమెరాను పెట్టెతో సహా రాచెస్టర్‌కు పోస్టులో పంపాలి. అక్కడ రీలు కడిగి, ఫొటోలు వేసి, కొత్త రీలు ఎక్కించి తిరిగి పంపేవారు. కెమెరా ధర 25 డాలర్లు, కడిగి మళ్లీ నింపడానికి 10 డాలర్లు. ఫొటోలు రెండున్నర అంగుళాల వెడల్పుతో గుండ్రంగా వచ్చేవి. బటన్ నొక్కడం మీ వంతు, మిగతాదంతా మా వంతు అనే అర్థంలో ఆయనే రాసిన ప్రకటన ప్రపంచమంతా పాకింది.

కొడక్ అనే పేరుకు ఏ భాషలోనూ అర్థం లేదు. చిన్నగా ఉండాలి, పలకడం తేలిక కావాలి, ఇంకో మాటలా వినపడకూడదు అని అక్షరాలు అటూ ఇటూ కలిపి ఆయనే కల్పించాడు. క అనే ధ్వని ఆయనకు చాలా ఇష్టం. అమ్మ పుట్టింటి పేరు కిల్‌బోర్న్ మొదలయ్యేది కూడా ఆ అక్షరంతోనే.

1889లో కాగితం బదులు పారదర్శకమైన సెల్యులాయిడ్ ఫిల్మ్ వచ్చింది. కంపెనీలోని రసాయన శాస్త్రజ్ఞుడు హెన్రీ రైఖెన్‌బాక్ దాన్ని తయారు చేశాడు. ఎడిసన్ ప్రయోగశాలలో కదిలే బొమ్మల మీద పని మొదలైంది ఈ ఫిల్మ్‌తోనే. మన సినిమాలన్నిటికీ మూలం అక్కడుంది.

ఇక్కడే ఇంకో మనిషిని గుర్తు చేసుకోవాలి. హానిబల్ గుడ్విన్ అనే చర్చి ఫాదరు అంతకు ముందే, 1887లో, అలాంటి ఫిల్మ్‌కు పేటెంటు దరఖాస్తు పెట్టాడు. అది మంజూరు కావడానికి పదకొండేళ్లు పట్టింది. 1898లో పేటెంటు వచ్చింది, 1900లో ఆయన చనిపోయాడు. ఆయన హక్కులు కొన్న కంపెనీ కోర్టులో పోరాడి గెలిచింది. 1914లో ఈస్ట్‌మన్ కంపెనీ 50 లక్షల డాలర్లు కట్టి రాజీ చేసుకుంది. గొప్పవాళ్ల జీవితాలు చదివేటప్పుడు ఇలాంటి పేజీలు దాటవేయకూడదని మా అభిప్రాయం.

ఒక్క డాలరు కెమెరా

25 డాలర్లంటే ఆఫీసు కుర్రాడిగా జార్జ్ సంపాదించిన వారం జీతానికి ఎనిమిది రెట్లు. అంటే తన చిన్ననాటి లాంటి ఇంటికి తన కెమెరాయే అందదు. ఆ దూరాన్ని తీర్చింది బ్రౌనీ.

1900 ఫిబ్రవరిలో బ్రౌనీ కెమెరా బజారులోకి వచ్చింది. ధర 1 డాలరు. ఆరు ఫొటోల రీలు 15 సెంట్లు. కెమెరా తయారు చేసినవాడు ఫ్రాంక్ బ్రౌనెల్. అట్టతో చేసిన పెట్టె, పైన తోలులా కనిపించే కాగితం, ముందు ఒక్క మామూలు లెన్సు. దూరం సరిచూసుకోవాల్సిన పని లేదు, వెలుతురు లెక్క వేయాల్సిన పని లేదు. ఎండలో నిలబెట్టి మీట నొక్కితే చాలు. పిల్లల కథల్లోని బ్రౌనీలనే చిట్టి బొమ్మల పేరు పెట్టి, పిల్లల కోసమే ప్రచారం చేశారు. పిల్లల కోసం బ్రౌనీ క్లబ్బులు పెట్టి పోటీలు నడిపారు. మొదటి ఏడాదిలోనే లక్షన్నరకు పైగా కెమెరాలు పోయాయి. వారానికి 3 డాలర్లు తెచ్చే కుర్రాడు కూడా రెండు రోజుల కూలితో కెమెరా కొనుక్కోగలిగాడు.

బొమ్మలాంటి కెమెరా అని పెద్దలు నవ్వారు. కానీ ఆ బొమ్మ చేసిన పనులు చూడండి. 1912లో టైటానిక్ మునిగినప్పుడు, బతికినవాళ్లను రక్షించిన కార్పేతియా ఓడలో బెర్నిస్ పామర్ అనే పదిహేడేళ్ల అమ్మాయి ఉంది. కానుకగా వచ్చిన బ్రౌనీతో ఆమె తీసిన ఫొటోలు నేటికీ చరిత్రకు సాక్ష్యాలు. 1916లో పద్నాలుగేళ్ల ఆన్సెల్ ఆడమ్స్ తల్లిదండ్రులతో యోసెమిటీ లోయకు వెళ్లినప్పుడు చేతిలో ఉన్నది బ్రౌనీయే. తర్వాత ఆయన ప్రపంచ ప్రఖ్యాత ఫొటోగ్రాఫర్ అయ్యాడు.

అదే కాలంలో మన దగ్గర

ఈస్ట్‌మన్ రాచెస్టర్‌లో రీళ్లు చుడుతున్న రోజుల్లోనే మన హైదరాబాదులో రాజా దీన్‌దయాళ్ ఉన్నారు. ఆరో నిజాం మహబూబ్ అలీ ఖాన్ ఆస్థాన ఫొటోగ్రాఫర్. గాజు పలకల మీద ఆయన తీసిన కోటలు, దర్బార్లు, వేటలు, నవాబుల చిత్రాలు అద్భుతమైనవి. 1892లో అంతఃపుర స్త్రీల కోసం ప్రత్యేకంగా స్టూడియో కూడా పెట్టారు. ఆయన ప్రతిభకు చేతులెత్తి మొక్కాలి. కానీ ఆ ఫొటోల్లో మన ముత్తాతలు ఉన్నారా? దర్బారుకు రాళ్లెత్తినవాళ్లు, పొలం దున్నినవాళ్లు, తోలు పని చేసినవాళ్లు తమ ఇష్టం ప్రకారం, తమ మంచి బట్టలు కట్టుకుని ఫొటో దిగే రోజు అప్పటికి రాలేదు. ఫొటో అనేది తీయించుకోగలిగినవాడి సొత్తు.

మా స్నేహితుల్లో ఎవరినడిగినా ఇదే మాట. తాత ఫొటో లేదు. నాయనమ్మది రేషన్ కార్డు మీద ఇంటిల్లిపాదితో కలిపి తీసిన ఒక్క చిన్న బొమ్మే ఉంది. పోయాక పటం కట్టించడానికి ఆ బొమ్మనే పెద్దది చేయించారు. ముఖం మసకబారింది. ఇంటికి మొదటి పట్టభద్రులం మేము. మా పట్టా ఫొటో చూసి మురిసిపోవాల్సిన పెద్దల ముఖం ఎలా ఉండేదో మా తర్వాతి పిల్లలకు చూపించలేకపోతున్నాము. ఒక్క డాలరు కెమెరా ఎంత పెద్ద విషయమో ఆ మసక పటం చూస్తే అర్థమవుతుంది.

అమెరికాలోనూ ఈ బాధ ఉంది. బ్రౌనీ వచ్చిన 1900 సంవత్సరంలోనే పారిస్ ప్రపంచ ప్రదర్శనలో నల్లజాతి మేధావి డబ్ల్యు.ఇ.బి. డుబోయిస్ కొన్ని ఆల్బములు పెట్టారు. జార్జియా రాష్ట్రపు నల్లజాతి విద్యార్థులు, దుకాణదారులు, కుటుంబాలు తలెత్తి కూర్చున్న 363 ఫొటోలు అందులో ఉన్నాయి. తమవాళ్లను ఎగతాళి బొమ్మలుగా మాత్రమే చూసిన లోకానికి ఆ ఫొటోలే జవాబు.

సంపాదన, దానం, మరో వైపు

ఈస్ట్‌మన్ పెళ్లి చేసుకోలేదు. కోటీశ్వరుడయ్యాక కూడా అమ్మతోనే ఉన్నాడు. 1907లో ఆమె చనిపోయినప్పుడు చిన్నపిల్లాడిలా ఏడ్చాడు.

సంపాదించిన డబ్బును బతికుండగానే పంచాలన్నది ఆయన పద్ధతి. 1899లో సొంత డబ్బు 1,78,000 డాలర్లు పనివాళ్లకు పంచాడు. 1912 నుంచి కంపెనీ లాభాల్లో పనివాళ్లకు వాటా ఇచ్చే ఏర్పాటు చేశాడు. 1919లో తన వాటాల్లో మూడో వంతు ఉద్యోగులకు ఇచ్చాడు. ఎంఐటీ అనే సుప్రసిద్ధ సాంకేతిక విద్యాసంస్థకు 1912 నుంచి మిస్టర్ స్మిత్ అనే మారుపేరుతో విరాళాలిచ్చాడు. ఆ స్మిత్ ఎవరో 1920 దాకా లోకానికి తెలియలేదు. రాచెస్టర్‌లో సంగీత కళాశాల, పేద పిల్లల కోసం రాచెస్టర్‌లోనూ, లండన్, రోమ్, పారిస్, బ్రస్సెల్స్, స్టాక్‌హోంలలోనూ దంత వైద్యశాలలు పెట్టించాడు. 1924లో ఒకే రోజు 3 కోట్ల డాలర్లు నాలుగు విద్యాసంస్థలకు రాసిచ్చాడు. వాటిలో రెండు, టస్కీగీ, హాంప్టన్, నల్లజాతి పిల్లల చదువు కోసం పుట్టినవి. పదో తరగతి కూడా చదవని మనిషి ఇచ్చిన డబ్బుతో బానిసల మనవలు డిగ్రీలు చదివారు.

మరో వైపు కూడా ఉంది. పోటీ కంపెనీలను కొనేసి, దుకాణాలకు షరతులు పెట్టి బజారంతా గుప్పిట్లో పెట్టుకున్నాడని 1915లో అమెరికా కోర్టు ఆయన కంపెనీని తప్పుపట్టింది. టస్కీగీకి లక్షలు ఇచ్చిన మనిషి ఫ్యాక్టరీలో నల్లజాతి పనివాళ్లు వేళ్ల మీద లెక్కపెట్టేంతమందే ఉండేవారు. ఆయన పోయిన మూడు దశాబ్దాల తర్వాత, 1966-67లో, రాచెస్టర్ నల్లజాతివారు ఉద్యోగాల కోసం కొడక్ మీద పోరాటం చేయాల్సి వచ్చింది. చదువుకు దానమిచ్చే చేయి, ఉద్యోగం దగ్గరికి వచ్చేసరికి ఎందుకు ముడుచుకుంటుంది? ఈ ప్రశ్న మన దేశంలోనూ అడగదగినదే. దానం వేరు, హక్కు వేరు అని మనకు బాబాసాహెబ్ అంబేద్కర్ జీవితం నేర్పింది.

చివరి రోజులు

ప్రపంచానికంతా ఫొటోలు తీసుకోవడం నేర్పిన ఈస్ట్‌మన్‌కు తన ఫొటో తీయించుకోవడం ఇష్టం ఉండేది కాదు. సొంత ఊరి వీధిలో నడిచి వెళ్తుంటే కూడా చాలామంది గుర్తుపట్టేవారు కాదు. 1930లో వ్యాపారం మొదలై యాభై ఏళ్లయిన సందర్భంగా, ఆ ఏడాది పన్నెండేళ్లు నిండే పిల్లలకు సుమారు 5 లక్షల కెమెరాలు, ఒక్కొక్క రీలుతో సహా, ఉచితంగా పంచారు.

ఆ తర్వాత వెన్నెముక జబ్బు ముదిరింది. నిలబడటం, నడవటం కష్టమైంది. ఎడతెగని నొప్పితో, ఒంటరితనంతో, 1932 మార్చి 14న, 77వ ఏట తన ప్రాణం తానే తీసుకున్నాడు. ఆయన జీవితంలో మనం అనుసరించవలసినవి చాలా ఉన్నాయి, ఈ ముగింపు మాత్రం కాదు. బాధ భరించలేనప్పుడు పక్క మంచం మీది మిత్రుడికి చెప్పండి, వార్డెన్‌కు చెప్పండి, ఇంటికి ఫోన్ చేయండి. హాస్టల్‌లో ఇంతమందిమి కలిసి ఉండేది దానికే కదా.

ఆయన ఇల్లు 1949 నుంచి ఫొటోగ్రఫీ మ్యూజియంగా ఉంది. కొడక్ ఇంజినీరు స్టీవెన్ సాసన్ 1975లోనే డిజిటల్ కెమెరా తయారు చేశాడు. ఆ మార్పును అందిపుచ్చుకోవడంలో వెనకబడిన కొడక్ 2012లో దివాలా పిటిషన్ వేసి, 2013లో తేరుకుంది. రాచెస్టర్‌లో ఫిల్మ్ తయారీ మాత్రం ఆగలేదు.

బొమ్మ కెమెరాల సరదా

1901లో రెండో బ్రౌనీ కోసం తెచ్చిన 120 నంబరు ఫిల్మ్ ఇప్పటికీ దొరుకుతోంది. మన పెద్దల ఇళ్లలో అటక మీద ఉండే ఆగ్ఫా క్లిక్-3 కెమెరాలోకి ఎక్కేదీ ఆ రీలే. 1982లో హాంకాంగ్‌లో పుట్టిన హోల్గా అనే ప్లాస్టిక్ బొమ్మ కెమెరాలోకీ అదే. హోల్గాలో లెన్సు కూడా ప్లాస్టిక్. ఫొటో మూలలు నల్లబడతాయి, పెట్టె సందుల్లోంచి వెలుగు దూరి ఎర్రటి చారలు పడతాయి. ఆ లోపాలనే ఇష్టపడి వాడేవాళ్లు దేశదేశాల్లో ఉన్నారు. 1986లో జపాను ఫుజీ కంపెనీ తెచ్చిన ఒకసారి వాడే కెమెరా కూడా పాత కొడక్ ఆలోచనే. పెట్టె మొత్తం దుకాణంలో ఇచ్చేస్తే ఫొటోలు వస్తాయి.

మేము ఆరుగురు మిత్రులం కలిసి ఒక సీనియర్ ఇచ్చిన పాత ప్లాస్టిక్ ఫిల్మ్ కెమెరాను వాడి చూశాము. చేతిఖర్చుల్లో మిగిల్చిన డబ్బుతో 36 ఫొటోల రీలు ఒకటి కొన్నాము. తలా ఆరు ఫొటోలు. సెల్‌ఫోనులో ఒక్క పూటలో వంద తీసేవాళ్లం, ఇక్కడ ఒక్కటి తీయడానికి రెండు రోజులు ఆలోచించాము. ఎండ ఎటు ఉంది, ఎంత దూరంలో నిలబడాలి, ఈ ఫొటో నిజంగా కావాలా? రీలు అయ్యేసరికి రెండు నెలలు పట్టింది. కడిగించడానికి సిటీకి పంపి, ఫలితాల కోసం చూసినట్టు ఎదురుచూశాము. ఎనిమిది ఖాళీగా వచ్చాయి. కెమెరా వెనక తలుపు సరిగ్గా పడక కొన్నిటి మీద వెలుగు చారలు పడ్డాయి. మిగిలినవాటిలో వంట చేసే అక్క నవ్వుతున్న ఫొటో ఉంది, వాచ్‌మన్ తాత సైకిల్ తుడుచుకుంటున్న ఫొటో ఉంది, ఊళ్లో అమ్మ కల్లంలో చాట పట్టుకుని నిలబడ్డ ఫొటో ఉంది. ఫోనులోని వేల ఫొటోలు ఎక్కడున్నాయో మాకే తెలియదు. ఆ ఇరవై ఎనిమిది మాత్రం ఏ ఒక్కటీ మరిచిపోలేదు.

మొదలుపెట్టాలనుకునేవాళ్లకు రెండు మూడు మాటలు. బొమ్మ కెమెరాకు వెలుతురు ముఖ్యం. సూర్యుడు మీ వీపు వెనక ఉండేలా నిలబడి, ఉదయమో సాయంత్రమో తీయండి. మరీ దగ్గరికి వెళ్లకండి. నాలుగైదు అడుగులకన్నా దగ్గరైతే ముఖం మసకబారుతుంది. నొక్కేటప్పుడు ఊపిరి బిగబట్టి మోచేతులు పక్కలకు ఆనించండి. రీలును ఎండలో, ట్రంకు పెట్టె మీద వదిలేయకండి. కెమెరా దొరకనివాళ్లు బాధపడనక్కర్లేదు. ఫోనుతోనే వారానికి ఒక్క ఫొటో మాత్రమే తీయాలని నియమం పెట్టుకోండి, చూపు అదే నేర్చుకుంటుంది.

మిత్రులారా! జార్జ్ ఈస్ట్‌మన్ నుంచి మనం నేర్చుకోవలసినవి, ఉన్న వంటగదినే ప్రయోగశాల చేసుకోవడం, పాడైన సరుకును దాచకుండా వెనక్కి తీసుకోవడం, తనకు అందిన సౌకర్యాన్ని తనలాంటి పేద కుర్రాడికి అందేదాకా ధర తగ్గించడం. మనకు అందిన చదువును కూడా మన వెనక వచ్చే తమ్ముళ్లకు, చెల్లెళ్లకు అలాగే అందుబాటు చేయాలి. ఈ సెలవుల్లో ఇంటికి వెళ్లినప్పుడు ఒక పని చేయండి. నాయనమ్మకు మంచి చీర కట్టించి, వాకిట్లో వెలుతురులో కూర్చోబెట్టి, ఆమెకు నచ్చినట్టుగా ఒక్క ఫొటో తీయండి. ఫోనులోనే వదిలేయకుండా కాగితం మీద వేయించండి. వెనక ఆమె పేరు, ఊరి పేరు, తేదీ రాయండి. ఆమె పూర్తి పేరు మీకు తెలియకపోతే, ఫొటో తీసే ముందు అడిగి తెలుసుకోండి.